కొడుకు చేతికి పానా ఇవ్వండి



ఇంగ్లండు దేశములో చాలా ఇళ్ల పక్కన కారు పెట్టుకునే చిన్న షెడ్డు ఒకటి ఉంటుంది. వాటిలో కొన్ని షెడ్లలో రోజూ తిరిగే కారు ఉండదు. చక్రాలు తీసి, నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, టార్పాలిన్ కప్పిన ఒక పాత స్పోర్ట్స్ కారు ఉంటుంది. అందులో ఇద్దరే కూర్చోవచ్చు. పైన గట్టి కప్పు ఉండదు. పెళ్లికి కుటుంబమంతా ఎక్కి వెళ్లడానికి పనికిరాదు, బియ్యము బస్తా వేసుకొని రావడానికీ పనికిరాదు. అయినా శనివారము వచ్చిందంటే తండ్రీ, పదమూడేళ్ల కొడుకూ పాత చొక్కాలు తొడుక్కొని ఆ షెడ్డులోకి వెళతారు. ఎన్నో ఏళ్లుగా కదలని ఆ బండిని మళ్లీ రోడ్డు ఎక్కించడము వారు పెట్టుకున్న పని.

ఈ పని గురించి ఈ నెల చెప్పుకుందాము. మన పల్లెలో అలాంటి కారు ఎక్కడున్నది అని మీరు అడగవచ్చు. కారు లేదు గాని కొడుకు ఉన్నాడు గదా! వాడు మన ఇంట్లో ఉండే సంవత్సరాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్ది సంవత్సరాలను ఎలా వాడుకోవచ్చో ఆ షెడ్డును చూసి నేర్చుకోవచ్చు. ఎలా పోగొట్టుకుంటామో కూడా అక్కడే నేర్చుకోవచ్చు.

ఆ కారు మనకు చుట్టమే

ఇలా ఇంట్లో బాగుచేసుకునే పాత స్పోర్ట్స్ కార్లలో బాగా పేరున్నది ఎం.జి.బి. అనే కారు. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. విలియం మోరిస్ అనే ఆయన 1893లో, పదహారేళ్ల వయసులో, ఆక్స్‌ఫర్డ్ పట్టణములో తల్లిదండ్రుల ఇంటి వద్దనే సైకిళ్లు బాగుచేయడము మొదలుపెట్టాడు. పెట్టుబడి 4 పౌండ్లు. ఆ సైకిల్ షాపే పెరిగి పెద్ద కార్ల కంపెనీ అయింది. ఆయన గ్యారేజీల పేరు మీదనే ఎం.జి. స్పోర్ట్స్ కార్లు వచ్చినవి. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరలోని ఆబింగ్డన్ అనే ఊరిలో 1962 నుండి 1980 వరకు ఎం.జి.బి. కార్లు 5 లక్షలకు పైగా తయారైనవి. 1980 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నేడు మన రోడ్ల మీద ఎం.జి. గుర్తుతో తిరిగే కార్లు వేరు. ఆ పేరు ఇప్పుడు ఒక చైనా కంపెనీది.

మనకందరికీ తెలిసిన అంబాసిడర్ కారు కూడా ఆ మోరిస్ వంశములోనిదే. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో 2014 వరకు దానిని తయారుచేశారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే దానికి మూలము. అంబాసిడర్‌లో ఎన్నో ఏళ్లు నడిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను ఒకే తల్లి బిడ్డలు. బి-సిరీస్ అనేది వాటి ఇంటిపేరు. నాలుగు సిలిండర్లలో ప్లగ్గులు వెలిగే వరుస కూడా రెండింటికీ ఒకటే: 1, 3, 4, 2. మన ఊరి పాత టాక్సీల మీద చేయి తిరిగిన మేస్త్రీ ఎవరైనా ఆ స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తితే, తెలిసిన ముఖము చూసినట్టే ఉంటుంది.

విప్పడానికి వారము, బిగించడానికి ఏళ్లు

ఇక పని సంగతి చూడండి. విప్పడము మహా సరదాగా ఉంటుంది. సీట్లు, బంపర్లు, లైట్లు, కార్బురేటర్లు అన్నీ కొద్ది రోజులలో ఊడివస్తాయి. పిల్లవాడికి పండుగలాగా ఉంటుంది. కష్టము ఆ తరువాత మొదలవుతుంది.

ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. తలుపు కింద, మన ఇంటి గడపలాగా, ముందు చక్రము వైపు నుండి వెనుక చక్రము వైపు వరకు పొడవాటి రేకు పెట్టె ఉంటుంది. లోపల అది పొరలు పొరలుగా ఉంటుంది. పైకప్పు లేని బండి గనుక నడుము వంగకుండా నిలబెట్టే భారము చాలావరకు ఆ గడపలదే. వాననీరు, రోడ్డు బురద లోపలికి చేరి అవి లోపలి నుండి తుప్పు పడతాయి. పైన రంగు మాత్రము నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిస్తే అప్పుడు తెలుస్తుంది, రేకు పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది.

లప్పము పూసి పైన రంగు కొట్టితే నాలుగు నెలలు బాగానే కనబడుతుంది. సరిగా చేయాలంటే కుళ్లిన రేకంతా కోసివేసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డముగా ఇనుప కమ్మీ బిగించి ఆధారము ఇవ్వాలి. తొందరపడి ఆధారము లేకుండా కోస్తే కారు నడుము వంగుతుంది, తరువాత తలుపు పట్టదు.

ఇదంతా డబ్బుతోనూ ఓపికతోనూ అయ్యే పనే. ఎం.జి.బి.కి విడిభాగాలు నేటికీ దొరుకుతున్నవి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988లో ఈ కారుకు పూర్తి కొత్త బాడీలనే మళ్లీ తయారుచేయడము మొదలుపెట్టింది. రేకు దొరుకుతుంది, ఇంజను సామాను దొరుకుతుంది. పిల్లవాడి వయసు మాత్రము మళ్లీ దొరకదు.

లెక్క వేయండి. పని మొదలుపెట్టినప్పుడు వాడికి పదమూడు. ఆ దేశములో పదిహేడేళ్లకు కారు నడిపే లైసెన్సు వస్తుంది. పద్దెనిమిదేళ్లకు చాలామంది పిల్లలు చదువుకో, ఉద్యోగానికో ఇల్లు విడిచి వెళతారు. అంటే తండ్రి చేతిలో ఉన్నది నాలుగైదు ఏళ్లు. అందులో పరీక్షలు, ఆటలు, స్నేహితులు పోగా మిగిలేది కొన్ని శనివారాలు.

అందుకే సగము విప్పిన పాత కార్లు, పెట్టెల నిండా నట్లు బోల్టులతో సహా అమ్మకానికి రావడము అక్కడ మామూలు సంగతి. కొన్నిసార్లు డబ్బు చాలదు. కొన్నిసార్లు అంతా ఒక్కసారే విప్పి, ఏది ఎక్కడిదో మరచిపోతారు. కొన్నిసార్లు తండ్రి ఏ పనీ కొడుకు చేతికి ఇవ్వడు. వెల్డింగు నేను చేస్తాను, రంగు నేను వేస్తాను, నువ్వు టార్చిలైటు పట్టుకో అంటాడు. రెండు శనివారాలు వాడు టార్చిలైటు పట్టుకుంటాడు. మూడవ శనివారము రాడు. ఆ తండ్రి కారును పూర్తిచేసినా, ఆ షెడ్డులో ఆయన ఒక్కడే మిగులుతాడు.

పూర్తయ్యే పని చేతికి ఇవ్వండి

అనుభవమున్నవారు చెప్పే మార్గము ఒకటి ఉన్నది. కుళ్లు మరీ ముదరని బండి అయితే అంతా ఒకేసారి విప్పవద్దు. తిరుగుతున్న బండిని తిరుగుతుండగానే ఒక్కొక్క భాగము బాగుచేసుకోండి. ఈ నెల వెనుక బ్రేకులు. అవి పూర్తయ్యాక డైనమో. ఆ తరువాత సీట్లు. ఒక్కొక్కటి పూర్తయినప్పుడల్లా పిల్లవాడికి ఒక గెలుపు దొరుకుతుంది. అయిదేళ్ల తరువాత వచ్చే గెలుపు కోసము పదమూడేళ్ల పిల్లవాడు ఎదురుచూడలేడు.

విప్పిన ప్రతి భాగమును చిన్న సంచిలో వేసి, అది ఎక్కడిదో చీటీ రాసి కట్టడము, విప్పేముందు ఫోటో తీసి ఉంచడము పిల్లవాడికి అప్పగించండి. ఇది చిన్న పని కాదు. ఆ చీటీలు లేకపోతే రెండేళ్ల తరువాత ఎంత పెద్ద మేస్త్రీ అయినా చేతులెత్తేయవలసిందే. తన చేతివ్రాతను నమ్ముకొని తండ్రి పని చేస్తున్నాడని తెలిసినప్పుడు వాడు అక్షరాలు కుదురుగా రాస్తాడు.

ఇంకొక మాట. ఖర్చు సంగతి ఇంటి ఇల్లాలితో ముందే మాట్లాడుకోవాలి. ఇలాంటి కారుకు పెట్టిన డబ్బు అమ్మినప్పుడు తిరిగి రావడము చాలాసార్లు జరగదు. అది లాభము కోసము చేసే వ్యాపారము కాదు. ఆ సంగతి తెలిసి, నెలకు ఇంత అని ఒప్పుకొని చేస్తే షెడ్డులో పని ఇంట్లో గొడవ కాదు.

ఇద్దరుంటేనే అయ్యే పనులు

బండి పనులలో కొన్ని ఒక్కరితో తేలికగా అయ్యేవి కావు. బ్రేకులలో చేరిన గాలి తీయడము అలాంటిది. ఒకరు లోపల కూర్చొని బ్రేకు పెడల్ నొక్కాలి. ఇంకొకరు చక్రము దగ్గర చిన్న నిపిల్‌ను పానాతో వదులు చేయాలి. ఆయిలుతో పాటు గాలి బుడగలు గొట్టము గుండా సీసాలోకి వస్తాయి. నిపిల్ బిగించేవరకు పెడల్ మీది కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది, చేసిన పనంతా వృథా. అందుచేత ఒకరికొకరు కేకవేసుకుంటూ చేయాలి. "నొక్కు." "నొక్కాను." "పట్టుకో." "బిగించాను, వదులు." మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటె దూరముగా ఉన్న వెనుక చక్రముతో మొదలుపెట్టి నాలుగు చక్రాలకూ ఇలాగే చేయాలి.

గమనించారా? నెలల తరబడి "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడని పద్నాలుగేళ్ల పిల్లవాడు ఒక్క పూటలో తండ్రితో వంద మాటలు మాట్లాడతాడు. ఎదురుగా కూర్చోబెట్టి "నీ మనసులో ఏమున్నదిరా" అని అడిగితే మాట రాదు. చేతిలో పని ఉండి, కళ్లు పని మీద ఉన్నప్పుడు మధ్యలో ఎప్పుడో మాట దానంతట అదే వస్తుంది.

వాల్వుల ఖాళీ సరిచేయడము కూడా ఇద్దరికి బాగుండే పని. ఒకరు ఇంజనును కొద్దికొద్దిగా తిప్పుతారు, మరొకరు ఫీలర్ గేజి పెట్టి ఖాళీ చూస్తారు. ఎం.జి.బి.లో ఆ ఖాళీ సుమారు 0.38 మిల్లీమీటర్లు. వాల్వులు ఎనిమిది. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దానిని సరిచేయాలి. 7వది తెరుచుకున్నప్పుడు 2వ దానిని. 6వది తెరుచుకున్నప్పుడు 3వ దానిని. రెండు అంకెలు కూడితే ఎప్పుడూ 9 వస్తుంది. ఈ సూత్రము వాడికి చెప్పకండి. మొదటి మూడు మీరు చూపించి, నాలుగవది వాడినే చెప్పమనండి. లెక్కల పుస్తకములో కనబడని వెలుగు వాడి ముఖములో అప్పుడు కనబడుతుంది.

ఊడని బోల్టు

పాత బండిలో తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టులు ఎదురు కాకుండా ఉండవు. అక్కడ బలము పనిచేయదు. తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయాలి. మరునాడు కొద్దిగా బిగించే వైపుకు కదిపి, తరువాత ఊడే వైపుకు తిప్పాలి. అవసరమైతే వేడి చేయాలి, అయితే దగ్గరలో పెట్రోలు లేకుండా చూసుకోవాలి. తొందరపడితే బోల్టు తల తెగిపోతుంది. అప్పుడు డ్రిల్లు వేసి మిగిలిన ముక్క తీయాలి. అది అరపూట పని.

పిల్లవాడు పానా పట్టినప్పుడు బోల్టు తెగే రోజు ఒకటి తప్పక వస్తుంది. ఆ క్షణములో వాడు బోల్టు వైపు చూడడు, తండ్రి ముఖము వైపు చూస్తాడు. "చేతకానివాడా, నీకిచ్చానే అది నా తప్పు" అన్నామంటే, ఆ మాటతో షెడ్డు తలుపు వాడికి మూసుకుంటుంది. "తెగిందా? సరే, డ్రిల్లు తీసుకురా. ముక్క ఎలా తీయాలో చూద్దాము" అన్నామంటే, పాడైన దానిని బాగుచేయవచ్చునని ఆ రోజు వాడు నేర్చుకుంటాడు. రేపు వాడు పెద్దవాడై ఇంతకంటె పెద్దది ఏదైనా పాడుచేసుకున్నప్పుడు దాచిపెట్టకుండా మొదట ఎవరి దగ్గరికి వస్తాడో, ఆ తెగిన బోల్టు దగ్గరే తేలిపోతుంది.

తెగిన బోల్టు కొత్తది కొద్ది డబ్బుకు వస్తుంది. ఆ లెక్క తండ్రి గుర్తుంచుకుంటే చాలు.

తండ్రికి రాకపోతే?

"నాకే రాదు, వాడికేమి నేర్పుతాను" అనే తండ్రులు ఉన్నారు. జాన్ హేన్స్ అనే ఆయన కథ వినండి. ఆయన 1938లో సిలోనులో, అంటే నేటి శ్రీలంకలో పుట్టాడు. ఇంగ్లండులో బడిలో చదువుకుంటూ ఒక పాత ఆస్టిన్ 7 కారును స్పోర్ట్స్ కారుగా మార్చాడు. ఎలా చేశాడో ఒక చిన్న పుస్తకముగా రాసి 1956లో అచ్చువేస్తే, 250 ప్రతులు పది రోజులలో అమ్ముడుపోయినవి. తరువాత ఆయన కార్లను విప్పి, మళ్లీ బిగిస్తూ, మెట్టు మెట్టుకూ ఫోటోలు తీసి మరమ్మతు పుస్తకాలు తెచ్చాడు. 1966లో వచ్చిన మొదటిది కూడా ఒక చిన్న స్పోర్ట్స్ కారు మీదనే. మేస్త్రీ కానివారు ఎందరో ఆ పుస్తకాలు పక్కన తెరిచిపెట్టుకొని తమ బండ్లు తామే బాగుచేసుకున్నారు. ఆయన 2019లో కన్నుమూశాడు.

ఇప్పుడైతే ఫోనులో వీడియోలు ఉన్నవి. వాటిని వెదకి పట్టుకోవడము తండ్రి కంటె కొడుకుకే బాగా తెలుసు. తండ్రికి రాని పనిలో ఒక మేలు కూడా ఉన్నది. ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చున్నట్టు ఉంటుంది. "ఇది నాకూ తెలియదురా, చూద్దాము" అనే మాట తండ్రి నోట వింటే కొడుకు దృష్టిలో ఆయన చిన్నవాడు కాడు, దగ్గరివాడు అవుతాడు.

అయితే కొన్ని జాగ్రత్తలలో మాత్రము తండ్రి మాటే శాసనము. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాలి. పాత బ్రేకు డ్రమ్ముల దుమ్మును గాలితో ఊదకూడదు, పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. పాత రంగులో సీసము ఉండవచ్చు గనుక పొడిగా గీకకూడదు. వెల్డింగు వెలుగును వట్టి కళ్లతో చూడకూడదు. బ్రేకులు, స్టీరింగు పూర్తయ్యాక తెలిసిన మేస్త్రీకి చూపించి తీరాలి.

మన ఇంటి షెడ్డు

ఇప్పుడు మన సంగతికి వద్దాము. ఇంగ్లండు తండ్రికి పద్దెనిమిదేళ్ల వరకు గడువు ఉన్నది. మనకు అంత లేదు. పదవ తరగతి అయిందంటే చాలామంది పిల్లలు ఇంటర్మీడియట్‌కు హాస్టలుకు వెళ్లిపోతున్నారు. తరువాత ఇంజనీరింగు, ఆ తరువాత హైదరాబాదు, బెంగళూరు, అమెరికా. పదిహేనేళ్లకే వాడు మన ఇంటికి చుట్టపు చూపుగా వచ్చేవాడవుతున్నాడు. నట్టు ఏ వైపుకు ఊడుతుందో చేతికి తెలియకుండానే మెకానికల్ ఇంజనీరింగులో చేరుతున్న పిల్లలు ఎందరో!

మన ఇంట్లో స్పోర్ట్స్ కారు ఉండనక్కరలేదు. అటక మీద తాతగారి సైకిల్ ఉంటుంది. మూలన అమ్మమ్మ కుట్టుమిషను ఉంటుంది. పశువుల పాకలో కదలని ఆయిల్ ఇంజను ఉంటుంది. గోడవారన పాత స్కూటరు ఉంటుంది. పాత ఇనుము కొనేవాడు వస్తే కిలోల లెక్కన ఇచ్చేద్దామని అనుకుంటూ ఉంటాము. ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించండి. సైకిల్ చక్రపు బేరింగులు విప్పి, గోలీలు కిరోసిన్‌లో కడిగి, గ్రీజు పెట్టి బిగించడము పదేళ్ల పిల్లవాడు కూడా చేయగలడు. కుట్టుమిషను కూతురు, తల్లి కలిసి విప్పుకోవచ్చు. ఆ మాటకొస్తే కూతురు పానా పట్టకూడదని ఎవరన్నారు? కొడుకు అని రాసిన ప్రతిచోటా కూతురు అని కూడా చదువుకోండి.

"చదువు పాడవుతుందండీ" అని తల్లులు భయపడవచ్చు. వారానికి రెండు గంటలతో ఏ చదువూ పాడుకాదు. పిల్లలు టీవీకీ ఫోనుకీ ఇచ్చే సమయములో అది చిన్న ముక్క. "చేతికి గ్రీజు అంటితే నలుగురూ ఏమనుకుంటారు" అనే నామోషీ ఇంకొకటి. సబ్బు పెడితే గ్రీజు పోతుంది. చేతిపని తక్కువ పని అనే భావము ఒకసారి పిల్లవాడి మనసుకు అంటుకుంటే ఏ సబ్బుకూ పోదు.

తండ్రి పొద్దున పొలానికి వెళ్లి చీకటిపడ్డాక వస్తాడు, తీరిక ఎక్కడ అంటారా? నిజమే. అందుకే వారములో ఒక పూట చాలు అంటున్నాను. ఆదివారము గుడి నుండి వచ్చి భోజనము చేశాక ఒక గంట, లేదా సంక్రాంతి సెలవులలో రెండు రోజులు. ఎంతసేపు అన్నది ముఖ్యము కాదు, పెట్టుకున్న పూట తప్పకపోవడము ముఖ్యము. పిల్లలు తండ్రి మాటను గడియారముతో కొలుస్తారు.

ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఇంట్లో మూలనపడిన వస్తువు ఒకటి ఎంచుకోండి, ఒక్కటే. ఎంచుకునేది పిల్లవాడిని చేయనివ్వండి. విప్పేముందు బొమ్మ గీయించండి, లేదా ఫోటో తీయించండి. చీటీలు రాయించండి. ఏ తేదీకి పూర్తిచేయాలో గోడ క్యాలెండరు మీద వాడితోనే గుర్తు పెట్టించండి. కొడుకు ఇంట్లో లేకపోతే మనుమడో, మేనల్లుడో, తండ్రి లేని పొరుగింటి పిల్లవాడో ఉంటాడు, పిలవండి.

పూర్తయిన సైకిలుకు రంగు కొంచెము వంకరగా పడవచ్చు. గంట సరిగా మోగకపోవచ్చు. సరిచేయడానికి మీరు చేయి చాపకండి. మొదటిసారి తొక్కేది వాడే, వెనుక క్యారియరు మీద కూర్చునేది మీరే.